నాలుగింటి ఫోను

ప్రశ్న: మాది కడప. ఏడురోడ్ల దగ్గర అంగడి నడుపుతున్నాను. పెళ్లై ఆరేళ్లు. మా ఆవిడకు కొత్త ఫోను కొనిచ్చినప్పుడే కాల్స్ అన్నీ రికార్డయ్యేలా పెట్టాను. ఆమె పడుకున్నాక మేడ మీద ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాను. రోజూ సాయంత్రం నాలుగింటికి ప్రొద్దుటూరులో వాళ్లమ్మతో నా మీద చాడీలే. ‘గాజులు కుదువ పెట్టి ఎనిమిది నెల్లయిందిమా, అడిగితే మొగం మాడ్చుకుంటాడు’ అంటుంది. (మనిషి మంచోడేలే అని కూడా అంది.) నాకు నిద్ర పట్టడం లేదు. నిలదీయాలా? ఈ రికార్డింగులు రేపు కోర్టులో పనికొస్తాయా?

జవాబు: ఆమె అన్న నిష్ఠూరాలన్నీ వివరంగా రాసి, మంచోడన్న మాటను మాత్రం బ్రాకెట్లో పడేశారు. మేడ మీద వినేటప్పుడూ ఇలాగే వింటున్నారేమో.

చాడీలన్నారు సరే, గాజులు కుదువ పెట్టిన మాట అబద్ధమని మీరూ అనలేదు. ప్రొద్దుటూరు అంటేనే బంగారం అంగళ్ల ఊరు. అక్కడి ఆడపిల్ల పండక్కి బోసి చేతులతో పుట్టింటికి పోతే వీధంతా చేతుల వంకే చూస్తుంది. ఆ బాధ మీతో అంటే మీరు మొగం మాడ్చుకుంటారు, అమ్మతో అంటే కాస్త తేలికవుతుంది. ఆ మాటలు బియ్యం కడిగిన నీళ్లలాంటివండీ. ఆమె వాటిని అమ్మ దగ్గర పారబోసి వచ్చి, మీకు అన్నం పెడుతోంది. మీరేమో రాత్రిళ్లు ఆ నీళ్లు పట్టుకుని తాగుతున్నారు.

ఇక కోర్టు. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడినవి రహస్యంగా రికార్డు చేసి, ఒక భర్త విడాకుల కేసులో పెట్టాడు. మొగుడైనా సరే అది చట్టవిరుద్ధం, ఆమె గోప్యతకు భంగం అని 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇలాంటి రహస్య రికార్డింగులను విడాకుల కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చన్న మాటా నిజమే. అయితే అది ఆలుమగల మధ్య నడిచిన మాటల సంగతి. మీ దగ్గరున్నవి తల్లీకూతుళ్లవి. అయినా గాజులడిగిందని విడాకులిస్తారా ఏంది?

నిలదీస్తే ‘నీకెట్ల తెలిసింది?’ అని మొదటి ప్రశ్న ఆమే వేస్తుంది. కాబట్టి ముందు మీరే చెప్పండి. ఆమె ఎదుటే రికార్డింగ్ ఆపేసి, ఉన్నవన్నీ తుడిచేయండి. అరుస్తుంది, ఏడుస్తుంది. పది రోజులు పుట్టింటికి పోతానన్నా పోనీండి, బస్సెక్కించి రండి. వాళ్లమ్మకు చెప్పుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ‘మీ అమ్మతో అనకు’ అని మాత్రం బతిమాలకండి.

ఈలోగా ఆ తాకట్టు రసీదు వెతకండి. అసలెంత, వడ్డీ ఎంత, ఏ నెలకు విడిపిస్తారో కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఫోను మోగినప్పుడు మీరు అంగట్లో ఉండండి.