వెనకబడిన జిల్లాల ప్యాకేజీ డబ్బులు ఊళ్ళ దాకా వస్తాయా?

వెనకబడిన జిల్లాలకని కేంద్రం ఇచ్చే డబ్బులతో ఊళ్ళో నిజంగా ఏమైనా మారిందా అని అడిగారు కదా, మాది అనంతపురం పక్క పల్లె కాబట్టి చూసింది చెప్తా. ప్యాకేజీతో పెద్దగా ఒరిగిందేం లేదు, కరువు పనితో (అదే, ఉపాధి హామీ) మాత్రం ఒరిగింది.

విభజన తర్వాత సీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు, ఈ ఏడింటికీ ఏడాదికి జిల్లాకి 50 కోట్ల చొప్పున 350 కోట్లు, మూడేళ్ళు వచ్చాయి, 2018 ఫిబ్రవరిలో నాలుగోసారి రాష్ట్రం ఖాతాలో పడి వెనక్కి పోయాయి. 50 కోట్లంటే వినడానికి బానే ఉంటాది గానీ అప్పుడు మా జిల్లాలో 63 మండలాలు, పంచితే మండలానికి 80 లక్షలు కూడా రాదు, దాంతో ఏమొస్తాది, ఇక్కడో బిల్డింగు అక్కడో సీసీ రోడ్డు. మా పక్కూళ్ళో ఏదో ఫండు కింద గోడౌన్ కట్టారు (ఏ ఫండో చూద్దామంటే బోర్డు మీద పెయింటు పోయింది), షట్టరుకి తాళం, కరెంటు మీటరే లేదు, కట్టేదానికి శాంక్షన్ అయింది గానీ తర్వాత నెలనెలా బిల్లు ఎవరు కట్టాలో ఏ కాగితంలోనూ లేదంట. ఇప్పుడు దాని అరుగు మీద శెనక్కాయలు ఆరబోసుకుంటారు.

కరువు పని సంగతి వేరే. అది 2006 ఫిబ్రవరి 2న మొదలైందే మా జిల్లా బండ్లపల్లిలో. మా నాయన శెనక్కాయ వేసి వేసి పెట్టుబడి కూడా రాక విసిగిపోయి ఆ చేన్లో ఉపాధి కింద మామిడి పెట్టినాడు, గుంతలకి, మొక్కలకే కాదు మూడేళ్ళు నీళ్ళు పోసేదానికి కూడా డబ్బులిచ్చారు. ఎండాకాలం ట్యాంకరు తోలించి బిందెలతో చెట్టు చెట్టుకీ మోసేవాళ్ళం. ఆ నీళ్ళ డబ్బే లేకపోతే మొదటి ఏప్రిల్‌కే అన్నీ మాడిపోయేవి. బిల్లులు లేటే, ఫీల్డ్ అసిస్టెంటు (ఊళ్ళో ఉపాధి పనులు చూసేవాడు) చుట్టూ తిరగడం కూడా ఉండేది, కాదనను. అయినా కాపొచ్చింది, బెంగళూరుకి కూలికి పోయే మా అన్న ఇంటి దగ్గరే నిలబడినాడు.

ఇంకోటి, ఎవరి పేరు మీద ఎన్ని రోజుల మస్టరు (హాజరు) వేశారో సోషల్ ఆడిట్‌లో ఊరందరి ముందు చదివేవాళ్ళు, పని చేయనోడి పేరొస్తే అక్కడే గొడవ. ఆ గోడౌన్ లెక్క మాకెవరూ చదవలేదు. మీ ఊళ్ళో ఇట్లాంటిది ఏదైనా కడుతుంటే శంకుస్థాపన రోజే అడగండి, కరెంటు బిల్లు ఎవరు కడతారు, తాళం ఎవరి దగ్గరుంటాది అని.