జూనియర్ సొల్యూషన్ ఆర్కిటెక్ట్ అయ్యాను, ముందు ఏం నేర్చుకోవాలి?

మీరు ఆరేళ్లు జావా డెవలపర్‌గా చేశారు, ఉండేది వైజాగ్‌లోనే. పోయిన నెల జూనియర్ సొల్యూషన్ ఆర్కిటెక్ట్ (క్లయింట్ అవసరానికి సాఫ్ట్‌వేర్ ఏ భాగాలతో, ఎలా కట్టాలో నిర్ణయించే పని) అని హోదా మార్చారు, జీతం మాత్రం మారలేదు (మాకూ అంతే జరిగింది లెండి). ఏ సర్టిఫికెట్ చేయాలి, కోడింగ్ మానేయాలా, హైదరాబాద్ వెళ్లకపోతే ఇక్కడే ఆగిపోతానా అని అడిగారు. మూడింటికీ చెప్తాను. కానీ వాటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది, నేను వెలగబెట్టిన నిర్వాకం చెప్తే అదేంటో మీకే తెలుస్తుంది.

2017లో సంగతి. గాజువాక అవతల ఒక కంటైనర్ యార్డు. రోజుకి 600 లారీల దాకా వచ్చిపోతాయి. గేటు దగ్గర పాస్‌లు చేత్తో రాస్తున్నారు, దాన్ని కంప్యూటర్‌లోకి తేవాలి. అప్పుడే క్లౌడ్ పరీక్ష పాసై ఉన్నానేమో, చేతులు ఊరుకోలేదు. రుషికొండ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని తొమ్మిది మైక్రోసర్వీసులు (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు, బొమ్మలో ఒక్కోటి ఒక డబ్బా), మధ్యలో వాటి సందేశాలు మోయడానికి కాఫ్కా, కింద వాటన్నిటినీ నడపడానికి కుబెర్నెటీస్ పెట్టి బొమ్మ గీశాను. సంక్రాంతి ముగ్గులా ఉంది. రివ్యూలో మా సీనియర్ ఆర్కిటెక్ట్ దాన్ని కాసేపు చూసి, "గేటు చూశావా?" అన్నారు. చూడలేదు.

మర్నాడు సాయంత్రం వెళ్లి నాలుగు గంటలు ఆ రేకుల షెడ్డులో నిలబడ్డాను. ఒక చెక్క బల్ల, ఒక పాస్ పుస్తకం. ఒక్కో పాస్‌కి మూడు కాగితాలు, మధ్యలో కార్బన్. తెల్లది డ్రైవర్ చేతికి, గులాబీది లోపల క్రేన్ వాళ్లకి, పసుపుది పుస్తకంలోనే ఉండిపోతుంది. రెండు గేట్లున్నాయి. ఒక గేటు పుస్తకంలో నంబర్లన్నీ ఇంగ్లిష్ 'ఏ'తో మొదలవుతున్నాయి, రెండో గేటువి 'బీ'తో. ఎందుకలా అని అక్కడి క్లర్క్‌ని అడిగాను, అరవై దగ్గర పడ్డ పెద్దాయన. "రెండు గేట్లకీ ఒకే నెంబరు పడితే లోపలికెళ్లాక కొట్టుకోరేటి?" అన్నాడు. కాసేపాగి, "వానొచ్చి నెట్టు పోతే మీ డబ్బా పనిచేస్తాదేటి బాబూ?" అని తనే నన్నడిగాడు.

నా తొమ్మిది డబ్బాల్లో దీనికి జవాబు లేదు. నెట్ పోతే లారీ ఆగుతుంది, లారీ ఆగితే ఆ లైను హైవే మీదికి పాకుతుంది. మూడు రంగుల కాగితాలేమో ఏ సమాచారం ఎవరికి ఎప్పుడు కావాలో చూపిస్తున్నాయి. ఏ, బీ నంబర్లు మరీ విచిత్రం. ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేని రెండు యంత్రాలు నంబర్లు ఢీకొట్టకుండా ఎలా ఇచ్చుకోవాలి అన్నది మనం డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పేరుతో చదువుకునే సమస్య. ఆయన దాన్ని ప్రింటింగ్ ప్రెస్‌లో తీర్చేసుకున్నాడు.

తిరిగొచ్చి లెక్క కట్టాను. 600లో సగం సాయంత్రం మూడు గంటల్లోనే వస్తాయనుకున్నా గంటకి 100. అంటే నిమిషానికి రెండు కూడా లేవు. దీనికి కాఫ్కా ఎందుకు? పైగా యార్డు వాళ్ల ఐటీ విభాగంలో ఉన్నది ఇద్దరు, అందులో ఒకాయన ప్రింటర్లు కూడా చూసుకోవాలి. చివరికి కట్టింది ఒకటే అప్లికేషన్, ఒకటే డేటాబేస్. గేటుకో ట్యాబ్లెట్. నెట్ లేకపోతే పాస్ దాని లోపలే ఉంటుంది, నెట్ రాగానే సర్వర్‌కి వెళ్తుంది. ఒకే పాస్ రెండుసార్లు వచ్చినా సర్వర్ ఒకసారే లెక్కేస్తుంది. నంబర్లు ఏ, బీ పద్ధతిలోనే ఉంచాం. ఇప్పటికీ అదే నడుస్తోంది.

కాబట్టి మీరు మొదట అలవాటు చేసుకోవాల్సింది వెళ్లి చూడడం, అడగడం, కాగితం మీద లెక్క కట్టడం. ఏ టూల్ అయినా అవసరం పడ్డాక రెండు వారాల్లో నేర్చుకోవచ్చు.

లెక్క అంటే పెద్ద గణితమేం కాదు. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది: లోపల ఒకేసారి ఉండేవాళ్లెందరంటే, వచ్చే వేగం ఇంటూ ఒక్కొక్కరు గడిపే సమయం. గంటకి 100 లారీలొచ్చి, ఒక్కొక్కటి గేటు దగ్గర 12 నిమిషాలుంటే సగటున 20 లారీలు అక్కడే ఉంటాయి. ఆరు నిమిషాలకి తగ్గిస్తే పది. ఇదే లెక్క మీ సర్వర్‌కీ పనికొస్తుంది. సెకనుకి 200 రిక్వెస్టులు, ఒక్కోదానికి అర సెకను పడితే ఏ క్షణంలోనైనా 100 రిక్వెస్టులు లోపలుంటాయి. ఆ అర సెకనంతా డేటాబేస్ కనెక్షన్ పట్టుకునే కోడ్ రాసి, కనెక్షన్ పూల్ (ఒకేసారి వాడుకోగల కనెక్షన్లు) 20 అని పెట్టి, "సిస్టమ్ స్లోగా ఉంది, ర్యామ్ పెంచండి" అనే మహానుభావుల్ని మీరు త్వరలోనే చూస్తారు.

అలాగే "ఎప్పుడూ పనిచేయాలి" అని క్లయింట్ అంటే తలూపి రాకండి. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చని. అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే మొత్తం 99.7కి దిగి, 26 గంటలవుతుంది. నా తొమ్మిది డబ్బాల సంగతి మీరే ఊహించుకోండి. ఈ అంకెలు ముందు పెట్టి "ఎంతసేపు ఆగితే మీకు నష్టం?" అని అడిగితే, అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన మేనేజర్ కూడా కాస్త ఆలోచిస్తారు.

ఆగడం అంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం హుద్‌హుద్ తుఫానుతో. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పుడు నేనింకా డెవలపర్నే. అప్పటి మా ఆఫీసు సర్వర్లు రెండో అంతస్తులో ఉండేవి. బ్యాకప్ ఎక్కడుందంటే, అదే భవనం కింది అంతస్తులో! కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లు లేవు, జనరేటర్‌కి డీజిల్ కోసం బంకు దగ్గర క్యాన్లు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. డేటా భద్రంగానే ఉంది, దాని దగ్గరికి వెళ్లే దారే లేదు. ఆర్‌టీవో, ఆర్‌పీవో అని పరీక్షలో రెండు పదాలొస్తాయి. మొదటిది ఎంతసేపట్లో మళ్లీ లేవాలి, రెండోది ఎంతసేపటి డేటా పోయినా ఫరవాలేదు. వైజాగ్‌లో పెరిగినవాళ్లకి వీటికి నిర్వచనాలు బట్టీ పట్టాల్సిన పనిలేదు. ఇప్పుడైతే అమెజాన్ క్లౌడ్‌కి 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో రీజియన్లు, అంటే డేటా సెంటర్ల గుంపులు ఉన్నాయి. దేశం దాటకుండానే రెండో ఊళ్లో కాపీ పెట్టుకోవచ్చు. చెల్లింపుల డేటా భారత్‌లోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018లో ఆదేశించింది కాబట్టి అలాంటి ప్రాజెక్టులో ఇది పెద్ద విషయమే. పెట్టుకున్నాక ఆరు నెలలకోసారి నిజంగా అక్కడి నుంచి నడిపి చూడండి. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇక రాయడం. ఇది మనవాళ్లలో చాలామందికి బలహీనతే, నాకూ ఉండేది. నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ అరపేజీ రాసి కోడ్‌తో పాటే రిపోజిటరీలో పెట్టండి. దీన్ని ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్ అంటారు, మైకేల్ నైగార్డ్ 2011లో రాసిన వ్యాసంతో బాగా వాడుకలోకొచ్చింది. యార్డు ప్రాజెక్టులో నేను రాసింది దాదాపు ఇలా ఉంటుంది:

"సందర్భం: వానాకాలంలో గేటు దగ్గర నెట్ గంటల తరబడి పోతోంది. లారీ ఆగకూడదు. నిర్ణయం: పాస్ నంబరు గేటు దగ్గరే పుడుతుంది, సర్వర్‌ని అడగం. పర్యవసానం: లోపల ఎన్ని లారీలున్నాయో ఆఫీసులో కనిపించే లెక్క కొంత పాతదై ఉండొచ్చు. యార్డు మేనేజర్ దీనికి ఒప్పుకున్నారు."

ఆ పర్యవసానం దగ్గరే అసలు పనంతా ఉంది. ఏం వదులుకున్నామో, దానికి ఎవరు ఒప్పుకున్నారో లేకపోతే అది ప్రచార కరపత్రం అవుతుంది. రెండేళ్ల తర్వాత కొత్త మేనేజర్ వచ్చి "లెక్క తేడా చూపిస్తోంది, ఎవరు చేశారిది?" అని ఎగిరినప్పుడు ఈ నాలుగు లైన్లే నన్ను కాపాడాయి.

బొమ్మలకి సైమన్ బ్రౌన్ రూపొందించిన సీ4 పద్ధతి చాలు. అందులో నాలుగు స్థాయిలున్నాయి, పై రెండూ (సిస్టమ్‌ని ఎవరు వాడతారు, లోపల పెద్ద భాగాలేవి) గీస్తే నూటికి తొంభై మందికి అర్థమవుతుంది. ప్రతి బాణం మీదా ఏం వెళ్తోందో రాయండి. పేరు లేని బాణం ఉంటే అక్కడ మనకే స్పష్టత లేదన్నమాట.

ఇంగ్లిష్ గురించి మీరు కొంచెం బెంగగా రాశారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాత్రి తొమ్మిదింటికి అమెరికా కాల్‌లో నోరు పెగిలేది కాదు. నాకు పనిచేసిన ఉపాయం ఒకటే: కాల్‌కి ముందే ఒక పేజీ రాసి పంపేయడం, చివర మూడు ప్రశ్నలు పెట్టడం. అప్పుడు కాల్ మొత్తం నా కాగితం చుట్టూనే తిరిగేది, మాట్లాడేది ఎక్కువగా వాళ్లే. నాకు తెలియనిది "తెలియదు, గురువారానికి చెప్తాను" అనడం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. గురువారం చెప్పాలి, అంతే.

సర్టిఫికెట్ అంటే, అమెజాన్ వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ ఒకటి చేసేయండి. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 1000కి 720 రావాలి, మూడేళ్లు చెల్లుతుంది. మీ కంపెనీ మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ వాడుతుంటే దాంట్లో చేయండి. రెజ్యూమె వడపోతలో పనికొస్తుంది, పదాలు అలవాటవుతాయి. టోగాఫ్ అనే సర్టిఫికెట్ ఇప్పుడే వద్దు. అది పెద్ద సంస్థల మొత్తం వ్యవస్థ గురించి, ఒక్క ప్రాజెక్టయినా చివరిదాకా మోయకుండా చదివితే నిద్రొస్తుంది.

కోడ్ మానేయకండి. ఫీచర్లన్నీ మీరే రాయక్కర్లేదు కానీ, ఒక డిజైన్‌లో మీకు అనుమానమున్న భాగాన్ని రెండు రోజులు కూర్చుని రాసి చూడండి. బిల్లు కూడా చూడండి. ఒక ప్రాజెక్టులో మా క్లౌడ్ ఖర్చులో పెద్ద వాటా అప్లికేషన్‌ది కాదు, ఎవరో డీబగ్ మోడ్‌లో (ప్రతి చిన్న అడుగూ రాసుకునేలా) పెట్టి మర్చిపోయిన లాగ్‌లది. నెలకోసారి ఆ బిల్లు తెరిచే అలవాటు అప్పుడే మొదలైంది.

అభ్యాసానికి మన ఊళ్లోనే కావలసినంత సరుకుంది. సింహాచలం చందనోత్సవం తీసుకోండి. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ నాడే. ఆ టికెట్ల బుకింగ్ మీరు డిజైన్ చేస్తే? ఏడాదంతా ఖాళీగా ఉండే సర్వర్లకి డబ్బు కట్టాలా? ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరగడం, తగ్గడం) అంటారు చాలామంది. కానీ తేదీ పంచాంగంలో ముందే ఉంది, జనం టికెట్లు తెరిచిన మొదటి నిమిషంలోనే విరుచుకుపడతారు, ఆటోస్కేలింగ్ మేల్కొనేసరికి అయిపోతుంది. మరి ముందే సర్వర్లు పెంచి ఉంచడమా, టోకెన్ ఇచ్చి వరసలో కూర్చోబెట్టడమా? డబ్బు కట్టాక నెట్ పోతే ఆ టికెట్ ఎవరిది? దీనిమీద ఒక ఆదివారం కూర్చుని రెండు పేజీలు రాయండి. ఇంటర్వ్యూలకి వచ్చే కుర్రాళ్లని నేను ఇదే అడుగుతుంటాను, టికెట్ ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ.

హైదరాబాద్ సంగతి. నేను నాలుగేళ్లుండి వచ్చాను. అక్కడ పెద్ద ప్రాజెక్టులు ఎక్కువ, మీటింగుల్లో మనకంటే తెలిసినవాళ్లు ఎక్కువ, ఆ తేడా నిజమే. ఇక్కడ మీ టీమ్‌లో మీ డిజైన్‌ని చీల్చి చెండాడగల మనిషి ఒక్కరున్నా రెండేళ్లు ఉండండి. పోర్టు, స్టీల్ ప్లాంటు, పరవాడ ఫార్మా కంపెనీలు, వీటి పనులు ఏవైనా మీ చేతికొస్తే గంటలో వెళ్లి కళ్లతో చూసి రావచ్చు, మాదాపూర్‌లో కూర్చుంటే ఆ వీలుండదు. అలా అడిగే మనిషి ఎవరూ లేక, మీ బొమ్మలన్నీ మొదటిసారే పాసైపోతున్నాయంటే మాత్రం రెజ్యూమె బయటకి తీయండి.