బకెట్టు గుంటూరు నుంచి మోయకండి

ప్రశ్న: మా అమ్మాయికి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సీటు వచ్చిందండీ. నేను, మావారు, పాప గుంటూరులో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్దామనుకుంటున్నాం. పరుపు, బకెట్టు, కుక్కరు, పచ్చళ్ళు సర్దేసరికి ఇప్పటికే ఆరు సంచులయ్యాయి. దానికితోడు చేరాల్సిన రోజు అమావాస్య పడింది, మా అత్తగారు ససేమిరా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ సంచుల సంగతి చూద్దామమ్మా. స్లీపర్‌లోనైనా థర్డ్ ఏసీలోనైనా టికెట్టుకు 40 కిలోల సామాను ఉచితం కాబట్టి ముగ్గురికి 120 కిలోలని మీరు లెక్కేసుకునే ఉంటారు. లెక్క కరెక్టే. కానీ గుంటూరులో ఎక్కించడానికి మరుదులూ తమ్ముళ్ళూ వస్తారు, అక్కడ దింపుకోవడానికి మీరు ముగ్గురే. పైగా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు, గోరఖ్‌పూర్‌ది కట్టేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైందని దానికి పేరు. బోగీ ఏ చివర ఆగుతుందో ఏమో, కుక్కరు నెత్తిన పెట్టుకుని నడవాల్సింది మీరే.

పరుపు, దిండు, బకెట్టు, మగ్గు, హ్యాంగర్లు అక్కడే కొనండి. ఊళ్ళో గోల్ బజారు ఉంది, అన్నీ దొరుకుతాయి. రైల్వే ఉద్యోగాలకని తాతల కాలంలో వెళ్ళి అక్కడే స్థిరపడిన మనవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది, బజార్లో తెలుగు వినపడితే ఆశ్చర్యపోకండి. కుక్కరు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి, హాస్టల్ గదుల్లో వంట, హీటర్లు సాధారణంగా ఒప్పుకోరు. రెండు సూట్‌కేసులు, పాప భుజానికి ఒక బ్యాగు, చాలు.

పచ్చడి వద్దంటే మీరెలాగూ వినరు, నేనూ వినలేదు. మా అబ్బాయిని చేర్పించినప్పుడు గోంగూర పచ్చడి సీసాకు మూడు కవర్లు చుట్టి, గట్టిగా తాడు కట్టి, మళ్ళీ దాన్ని తెలివిగా ఫైలున్న సంచిలోనే పెట్టాను. పొద్దున్నే తెరిస్తే టీసీ మీద ప్రిన్సిపాల్ సీలు చుట్టూ ఎర్రగా నూనె వలయం, కౌంటర్లో ఆయన ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వాసన చూశాడు. అందుకే చెప్తున్నా, కారప్పొడి, కందిపొడి పంపండి, నూనె ఉన్నది పావుకిలోకి మించొద్దు, కాగితాలున్న సంచికీ పచ్చడి సంచికీ చుట్టరికమే ఉండకూడదు.

కాగితాల విషయంలో మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఒక్కచోట. మీది బీసీ రిజర్వేషన్ అయితే మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు, కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కీ (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ కోటా) ఆ తేదీ నియమమే. కౌన్సెలింగ్‌లో పెట్టింది అదేనో కాదో ఈరోజే తీసి చూసుకోండి. మార్కుల మెమోలు, టీసీ, మైగ్రేషన్ తలా నాలుగు జెరాక్సులు, డజను ఫోటోలు, ఫీజు రసీదు ఒక ఫైల్లో పెట్టండి. ఆ ఫైలు పాప చేతిలోనే ఉండాలి. కౌంటర్ దగ్గర మీవారు ముందుకెళ్ళి మాట్లాడతారని మీరు రాయలేదు గానీ, మాట్లాడతారు. ఆయన్ని టీ తాగడానికి తీసుకెళ్ళండి.

టికెట్లు: రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు నుంచి 120 రోజుల పద్ధతి పోయింది. వెళ్ళేదానితోపాటు వచ్చేదీ ఇప్పుడే చేసుకోండి, అందరూ ఒకేసారి తిరుగు ప్రయాణం పెట్టుకుంటారు. దొరక్కపోతే ముందురోజు తత్కాల్, ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో ముందే చూసుకోకపోతే ఆ పదింటి టెన్షన్లో ఏమీ చెయ్యలేరు.

ఇక అమావాస్య. ఫలక్‌నుమా రాత్రి ఎక్కితే దిగేది మర్నాడు మధ్యాహ్నం దాటాకే, ఆ రోజే పరుగెత్తుకెళ్ళి చేరడం ఎలాగూ మంచిది కాదు. రాత్రి లాడ్జిలో పడుకుని (ఆ రోజుల్లో గదులు నిండిపోతాయి, ముందే చెప్పుకోండి) మర్నాడు పొద్దున్నే క్యాంపస్‌కు వెళ్ళండి. అంటే మీరు గడప దాటేది అమావాస్యకు రెండు రోజుల ముందు, త్రయోదశి ప్రాంతాల. అత్తగారికి ఈ ముక్క చెప్పండి. అప్పటికీ ఆవిడ మనసు కుదుటపడకపోతే మంచి ఘడియ చూసి పాప చున్నీ ఒకటి పక్కింట్లో పరస్థానం పెట్టించండి (ఆ ఘడియలోనే బయల్దేరినట్టు లెక్క), ఆ పని ఆవిడకే అప్పగించండి.

ప్రశ్న: మాది విజయవాడ. అమరావతి వైపు ఒక యూనివర్సిటీలో చేరుతున్నా, హాస్టల్. నన్ను దింపడానికి అమ్మానాన్న, మామయ్య, బాబాయి కుటుంబం, అమ్మమ్మ కలిసి తొమ్మిదిమంది రెండు కార్లలో వస్తామంటున్నారు. వద్దంటే బాధపడతారు, వస్తే నాకు సిగ్గు.
– ఒక విద్యార్థి, సత్యనారాయణపురం

జవాబు: సిగ్గు సంగతి వదిలెయ్ బాబూ, అక్కడ అందరి కార్లూ అలాగే దిగుతాయి. అసలు ఇబ్బంది గది. నీతోపాటు ఇంకో ఇద్దరు కుర్రాళ్ళుంటే వాళ్ళ సామాను, వాళ్ళ అమ్మానాన్నలు అదే గదిలో ఉంటారు, అందులోకి మీ తొమ్మిదిమంది దూరితే మంచం కూడా కనపడదు. చేరే రోజు అమ్మానాన్న, సామాను మోయడానికి మామయ్య చాలు. మిగతావాళ్ళను తర్వాత ఏదో ఒక ఆదివారం రమ్మను, మీ ఇంటి నుంచి ఎంత దూరమని. అమ్మమ్మకు ఆ మాట నువ్వే వెళ్ళి చెప్పు, నాన్న చేత చెప్పించకు.

ఇంకో మాట, పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాటెయ్యండి. జులై ఆగస్టుల్లో కృష్ణకు వరదొచ్చి గేట్లెత్తితే ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. అలాంటి రోజైతే కనకదుర్గ వారధి మీదుగా మంగళగిరి వైపు తిరిగి వెళ్ళండి, చుట్టయినా సరే. బ్యారేజీ మీద నుంచి వెళ్ళారా, మీ మామయ్య ఫోటోలకని కారు దిగుతాడు, నువ్వు వెనక సీట్లో బకెట్టు ఒళ్ళో పెట్టుకుని టైము చూసుకుంటూ కూర్చుంటావు.