ముందు గోరు గుచ్చి చూడండి, ఉప్పూ కారం తర్వాత

ఉప్పు, కారం, నిమ్మకాయ కాకుండా మొక్కజొన్న పొత్తుకి ఇంకేం రాసుకోవచ్చని అడిగారు. ఇంట్లో గ్యాస్ స్టవ్ ఒక్కటే ఉందని, స్వీట్ కార్న్ కొని మంట మీద కాలిస్తే పైన మాడి లోపల చప్పగా ఉందని కూడా రాశారు. రాసుకోవడానికి చాలా ఉన్నాయి, చెబుతాను. కానీ చిక్కు కారంలో లేదు, మీరు కొన్న పొత్తులో ఉంది.

మాది రాజాం దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. మా నాన్న మాత్రం ఎవరడిగినా ఇప్పటికీ శ్రీకాకుళమనే చెబుతాడు. వరి కోసేశాక ఆ మడిలోనే దున్నకుండా మొక్కజొన్న వేస్తాం. గింజ ఎక్కువగా కోళ్ల దాణాకి పోతుంది. రోడ్డు పక్క బండి మీద బొగ్గుల్లో కాల్చి ఇచ్చే పొత్తు కూడా ఇదే రకం పంట. కాకపోతే గింజ గట్టిపడకముందే విరిచేస్తారు. స్వీట్ కార్న్ వేరే రకం. దాని గింజలో చక్కెర, నీరు ఎక్కువ, పిండి తక్కువ. అందుకే నిప్పు తగలగానే చక్కెర మాడుతుంది, నీరు పోయి గింజ ముడతలు పడుతుంది. అది ఉడకబెట్టుకోవడానికి బాగుంటుంది. కాల్చుకోవాలంటే నాటు పొత్తే తెచ్చుకోండి.

నాటు పొత్తులో కూడా వయసు చూడాలి. పీచు కొస ఎండి గోధుమరంగుకి తిరిగి, పైఆకులు మాత్రం ఇంకా పచ్చగా ఉండాలి. ఆకు కొంచెం తప్పించి గింజలో గోరు గుచ్చండి. నీళ్లు వస్తే పసిది, ఇంకో నాలుగు రోజులు ఆగాల్సింది. తెల్లగా పాలు చిమ్మితే అదీ కాల్చే పొత్తు. పిండిలా తగిలితే ముదిరింది, అది గారెలకి తప్ప దేనికీ పనికిరాదు. మా ఊరి సంతలో అమ్మే ముసలమ్మ ఒకామె అడక్కుండానే రెండు కుప్పలు పోసి, "లేతదేటి, పాలదేటి కావాలి బాబూ?" అంటుంది. అన్ని పొత్తులకీ గోర్లు గుచ్చితే తిడుతుంది కూడా. ఒకటి గుచ్చి చూసి ఆ కుప్పలోనే తీసుకోండి.

ఇంకొకటి, తెచ్చిన రోజే తినేయండి. పొత్తు విరిచిన దగ్గర్నుంచి గింజలోని చక్కెర పిండిగా మారుతూనే ఉంటుంది, ఎండకి ఇంకా తొందరగా మారుతుంది. విజయనగరంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరి నుంచి డజను తెచ్చి, వారమంతా తిందామని గది కిటికీలో పెట్టాను. మూడో రోజు కాలిస్తే నమలలేక దవడలు నొప్పెట్టాయి. తప్పనిసరైతే ఆకులు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

మా మామ్మ అసలు మంట మీద కాల్చేది కాదు. అన్నం వండాక పొయ్యిలో మిగిలిన కుమ్ములో, ఆకులతో సహా పొత్తుని కప్పెట్టేది. పైఆకులు నల్లగా మాడతాయి, లోపలి ఆకుల తడికి గింజ మగ్గుతుంది. ఆఖర్న ఆకులు ఒలిచి ఒక్క నిమిషం నిప్పుల మీద దొర్లించేది, వాసన పట్టడానికి. ఇప్పుడు గ్యాస్ మీద నేను చేసేది దానికి నకలే. పైఆకులు తీసేసి లోపలివి రెండు పొరలు ఉంచి, నీళ్లలో ముంచి తీసి, పుల్కాలు కాల్చే జాలీ మీద సన్నని మంటకి తిప్పుతూ ఆరేడు నిమిషాలు. తర్వాత ఆకులూ పీచూ తీసేసి, మధ్యస్థం మంట మీద ఇంకో మూడు నాలుగు నిమిషాలు. గింజలు చిటపటమని అక్కడక్కడా నల్ల మచ్చలు పడగానే దించేయాలి. మాడిన ఆకుల నుసి స్టవ్ నిండా పడుతుంది. కాసేపు కిటికీలు తీసి ఉంచండి, లేకపోతే పక్కింటివాళ్లు కంగారుపడి వస్తారు. మాకు జరిగింది.

ఇక రాసుకునేవి. ఉప్పూ కారంలో అద్ది నిమ్మచెక్కతో రుద్దడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. పొడి గింజకి ఉప్పు అంటదు, పులుపు రసమో నూనో ఉండాలి. ఆ సూత్రం పట్టుకుంటే ఏదైనా చేసుకోవచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆవ. మా వైపు అరటికాయకీ పనసపొట్టుకీ ఆవ పెట్టి వండుతారు కదా, అదే ఆవ. చిన్న చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, ఉప్పు వేసి కొద్దిగా నీళ్లతో మెత్తగా నూరాలి. దాంట్లో రెండు చెంచాల నువ్వుల నూనె, సగం నిమ్మకాయ పిండి కలిపితే నాలుగు పొత్తులకి సరిపోతుంది. పొత్తు స్టవ్ మీద నుంచి దించాకే రాయాలి. మొదటిసారి నేను ముందే రాసి కాల్చాను. ఆవ ఘాటంతా పోయి చేదు మిగిలింది. కూరలో కూడా దింపే ముందే కదా పెడతారు, ఆ మాత్రం తట్టలేదు. ఫోన్‌లో అమ్మకి చెబితే "పొత్తుకి ఆవేట్రా, సిగ్గులేకపోతే సరి" అంది. సంక్రాంతికి ఇంటికెళ్లి సరిగ్గా చేసి పెడితే రెండు తింది. ఏమీ అనలేదు.

పచ్చిమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు, కొత్తిమీర, ఉప్పు కచ్చాపచ్చాగా నూరి నిమ్మరసంతో రాసినా బాగుంటుంది. పిల్లలకైతే ఇంటి వెన్న, మిరియాల పొడి చాలు. చాట్ మసాలా నాకు నచ్చదు, ఏది తిన్నా ఒకటే రుచి. చీజ్, మయోనైజ్ వేసి ఇచ్చే బండ్లు ఇప్పుడు మా ఊళ్లలోకీ వచ్చాయి. అందులో పొత్తు రుచి ఏదో చెప్పగలిగితే మీకు దండం.

ఉడకబెట్టే పద్ధతి తొందరగా చెప్పేస్తాను. నాటు పొత్తు అయితే కుక్కర్లో మునిగేటన్ని నీళ్లు, ఉప్పు, చిటికెడు పసుపు, నాలుగైదు విజిల్స్. పైన లోపలి ఆకులు రెండు పరిస్తే నీళ్లకి కమ్మటి వాసన వస్తుంది. దించాక ఆ నీళ్లలోనే పావుగంట వదిలేస్తే ఉప్పు గింజకి పడుతుంది. స్వీట్ కార్న్‌కి కుక్కరే వద్దు. మరిగే నీళ్లలో ఐదారు నిమిషాలు చాలు, ఆ తర్వాత ఎంత ఉడికించినా బాగుపడదు.

మీరు ఈపాటికే కొన్న స్వీట్ కార్న్ ఇంకా ఉంటే ఇలా చేయండి. ముందు ఉడకబెట్టి, తడి తుడిచి, పెనం మీద కాస్త వెన్నతో నాలుగు వైపులా దొర్లించండి. మాడకుండా కాల్చిన వాసన వస్తుంది. దాని తీపికి ఆవ కూడా బాగా కుదురుతుంది, ఎండుమిరపకాయ ఇంకొకటి ఎక్కువ వేసుకోండి.