కొమ్మ విరక్కముందే రాట పెట్టరా అల్లుడూ

ఒరే అల్లుడూ, నువ్వు వాట్సాప్‌లో పెట్టిన సువర్ణరేఖ మామిడి చెట్టు ఫొటో చూసినాను. మీ అత్త కాపు చూసి మురిసిపోయింది గానీ నా చూపు ఆ తూరుపు కొమ్మ మొదట్లోనే ఆగిపోయింది. కాయ ఇంకా నిమ్మకాయంతే ఉంది, అప్పుడే అంత వంగిపోతే ముదిరేసరికి ఏటవుతాదో ఆలోచించావా?

నాకూ ఓసారి ఇలాగే అయింది. నూతి దగ్గర చెట్టు విరగ్గాసిందని ఊరంతా చెప్పుకు తిరిగాను, ఒక్క పిందె కూడా కోయనివ్వలేదు. మే నెలలో ఓ మద్దేనం, ఆకు కూడా కదలట్లేదు, అన్నం తింటున్నాం, ఫెళ్లుమని చప్పుడు. ఎల్లి చూస్తే పెద్దకొమ్మ మానుని చీల్చుకుని కిందకి దిగిపోయింది. చీలిన చోట చూస్తే లోపల తెల్ల చెక్క లేదు, నల్లగా బెరడే ఉంది. రెండు కొమ్మలు మరీ దగ్గరగా, ఇంగ్లీషు V అక్షరంలా లేస్తే మధ్యలో బెరడు ఇరుక్కుపోతాది, పైకి కలిసినట్టే కనపడతాది గానీ లోపల అతుకే ఉండదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన తోటలో ముందు చీలినవీ ఇలాంటి పంగలే. వెడల్పుగా పక్కకి వెళ్లిన కొమ్మే గట్టిది. నీ లేత చెట్లకి ఇప్పట్నించే అది చూసుకో.

ఇప్పుడు చేయాల్సింది ముందు పిందెలు దులపడం. మనసొప్పదు, నాకు తెలుసు. అయినా గుత్తికి ఒకటి, కొమ్మ బలంగా ఉంటే రెండు, అంతే ఉంచు. చివర్న ఉన్నవి ముందు తీసేయ్, చివర వేలాడే కేజీ కాయ మొదట్లో ఉన్న కేజీ కంటే పంగని చాలా ఎక్కువ లాగుతాది, కావిడి బద్ద మోసినోడికి చెప్పక్కర్లేదు ఇది.

తర్వాత రాట, అంటే కొమ్మ కింద ఊతంగా నిలబెట్టే గెడ. పైన పంగ ఉన్న సరుగుడు గెడ అయితే మంచిది, వెదురైనా పర్లేదు. కొమ్మ పొడుగులో మాను నుంచి మూడింట రెండొంతుల దూరాన పెట్టు. గెడ పంగలో గోనెసంచి ముక్క గానీ పాత సైకిల్ ట్యూబు గానీ చుట్టు, లేపోతే గాలికి రాసుకుని బెరడు ఊడిపోతాది. అడుగున జానెడు గొయ్యి తీసి రాయి వెయ్, తడి నేలలో గెడ దిగిపోతే పెట్టీ లాభం లేదు. అందరూ చేసే తప్పేటంటే కొమ్మని పైకి ఎత్తేద్దామని చూస్తారు, అలా చేస్తే నువ్వే విరిచినట్టు. ఉన్నచోటే ఊతం ఇవ్వాలి, ఇంక దిగకుండా. కొబ్బరి తాడుతో వదులుగా కట్టు, ఇనప తీగ మాత్రం వద్దు, అది బెరడులోకి దిగిపోయి కొమ్మనే చంపేస్తాది. ఈదురుగాలులు మొదలవకముందే బేగి చెయ్.

మాను మీద కన్నం, దాని కింద రంపప్పొట్టులా పొడి ఉందేమో కూడా చూడు, ఉంటే పురుగు తొలిచేస్తోందన్నమాట, అలాంటి కొమ్మ ఎంత రాట పెట్టినా నమ్మకం లేదు, దాని మీద కాయ బాగా తగ్గించేయ్.

ఒకవేళ విరిగితే లాగి పీకకు. కింద నుంచి కొంచెం కోసి ఆ తర్వాత పైనుంచి కొయ్, లేదంటే బెరడు మాను దాకా చీరుకుపోతాది. కోసిన చోట బోర్డో పేస్టు రాయి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు, ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి సుమా. పొడుగ్గా సాగిపోయిన కొమ్మలు కాయ కోతయ్యాక జూన్, జులైలో పొట్టి చేద్దువు, ఇప్పుడు కత్తెర పట్టకు.

ఆదివారం ఉదయం బస్సుకి వస్తాను, గెడలు నరికించి ఉంచు. దులిపిన పిందెలు పారేయకు, మీ అత్త పచ్చడి పెడతానంటోంది.

మీ మావయ్య