డాప్లర్‌లో రక్తప్రసరణ కనిపించినా ఆగకండి

పదకొండేళ్ల పాపకు నిన్నటి నుంచి కుడివైపు పొత్తికడుపు నొప్పి, వాంతులు. స్కానింగ్‌లో అండాశయం వాచింది, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ బాగానే ఉంది, రేపటిదాకా చూడవచ్చా అని అడిగారు. వద్దమ్మా. అండాశయం మెలిపడి ఉండవచ్చు. ఇప్పుడే పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి. అండాశయానికి రెండు ధమనుల నుంచి రక్తం అందుతుంది. అందుకే అది మెలిపడినా కొంత ప్రవాహం కనిపించవచ్చు. నొప్పి కాసేపు తగ్గినా నమ్మకండి, మెలి వదులై మళ్లీ బిగుసుకోవచ్చు. దారిలో ఏమీ తినిపించవద్దు, మత్తు ఇవ్వవలసి రావచ్చు.

అండాశయం తీసేస్తారేమోనన్న మీ భయం నాకు అర్థమైంది. సాధారణంగా లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) మెలి విప్పి, అండాశయాన్ని అలాగే ఉంచుతారు. ఆపరేషన్ బల్లపై నేరేడు పండులా నల్లబడి కనిపించినవి కూడా కొన్ని వారాల తర్వాత స్కానింగ్‌లో మామూలుగా ఉండటం నేను చూశాను. రంగు చూసి తీసేయడం ఇప్పటి పద్ధతి కాదు. అంగీకారపత్రంపై సంతకం చేసేముందు ‘మెలి విప్పి ఉంచుతారు కదా?’ అని సర్జన్‌ను సూటిగా అడగండి. అండాశయంలో తిత్తి (సిస్టు) ఉంటే దాన్ని అప్పుడే గానీ, వాపు తగ్గాక గానీ తీస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ స్కానింగ్ తప్పక చేయించండి.