చలి రాలేదు, గాలి ఆగలేదు: కాఫీ, రాజ్మా రైతు ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం. రెండెకరాల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. కింది వాలులో అర ఎకరం రాజ్మా. ఏటా కార్తీకం వెళ్లేసరికి నెగడు లేనిదే కూర్చోలేం. ఈసారి రాత్రిళ్లు ఒక్క దుప్పటితో సరిపోతోంది. పది రోజులుగా గాలి మాత్రం వదలడం లేదు. నీడచెట్ల కొమ్మలు విరిగాయి. కాఫీ పండ్లతో పాటు పచ్చికాయలు కూడా రాలుతున్నాయి. రాజ్మా పూత నిలవడం లేదు. చలి లేకపోవడం వల్లేనా ఇదంతా? కాఫీకి నీళ్లు పెట్టమంటారా? అసలు ఈ ఏడాది చలి వస్తుందా?

సలహా: మీ తోటకు ఇప్పుడు చలి లేకపోవడం వల్ల జరుగుతున్న నష్టం తక్కువ, గాలి వల్ల జరుగుతున్నది ఎక్కువ. ఆ గాలి వల్లే చలి కూడా ఆగింది. మన కొండల్లో చలి ముదరాలంటే ఆకాశం తేటగా ఉండాలి, గాలి కదలకూడదు. అప్పుడే నేల వేడంతా పైకి పోయి, చల్లబడిన గాలి వాలు వెంట జారి లోయల్లో గూడు కడుతుంది. బయట పడుకున్నవాడు కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని లంబసింగిని కొర్రబయలు అన్నది అలాంటి రాత్రులను చూసే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడు తూర్పు గాలి తేమను మోసుకుని ఘాట్ ఎక్కుతుంది. రాత్రి మబ్బు కమ్ముకుంటే నేల వేడి బయటకు పోదు. గాలి ఆడుతూ ఉంటే లోయలో చల్లగాలి నిలవదు.

ముందు కాఫీ సంగతి చూద్దాం. కొమ్మలు విరిగాయని మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు గానీ, నాకు అన్నిటికన్నా టెన్షన్ పుట్టించింది ఆ మాటే. తెల్లకాండం తొలుచు పురుగు పెద్దది, అంటే రెక్కల పురుగు, ఏటా రెండుసార్లు బయటికి వస్తుంది. అందులో ఒకటి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఎండ, వెచ్చదనం ఉంటే అది చురుగ్గా తిరుగుతుంది. ఎండ తగిలే కాండాన్ని వెతుక్కుని బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాండంలోకి దూరాక ఏ మందూ దాన్ని సరిగా అందుకోలేదు. ఇప్పుడు మీ తోటలో నీడ చిరిగింది, వాతావరణం వెచ్చగా ఉంది, పురుగు తిరిగే కాలమూ ఇదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మన ఏజెన్సీలో నీడచెట్లను కూల్చినప్పుడు కాఫీ రైతులు ఎంత నష్టపోయారో మీకు గుర్తుండే ఉంటుంది. పడిన చెట్టు కంటికి కనబడుతుంది. అది పోయిన చోట మొక్కలకు ఎండ తగిలి వచ్చే నష్టం మాత్రం నెమ్మదిగా బయటపడుతుంది.

అందుకని ఈ వారంలోనే తోటంతా తిరగండి. పైకి చూసినప్పుడు ఆకాశం ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే, ఆ కింది కాఫీ మొక్కలకు గుర్తు పెట్టండి. వాటి కాండాన్ని, లావు కొమ్మలను కొబ్బరి పీచుతో రుద్ది వదులు బెరడు రాల్చండి. కత్తి, గోకుడు పనిముట్లు వద్దు, లోపలి పచ్చ బెరడు దెబ్బతింటుంది. తర్వాత లీటరు నీటికి 100 గ్రాముల చొప్పున సున్నం కలిపి, వడగట్టి, కాండానికి పూయండి లేదా పిచికారీ చేయండి. ఎక్కువ మొక్కలుంటే 200 లీటర్లకు 20 కిలోలు. గాలి తగ్గిన పొద్దుటిపూట చేస్తే మందంగా అంటుకుంటుంది. ఆకులు పసుపుబారి, కాండం మీద ఉబ్బెత్తు గీతలు కనిపించే మొక్కను మాత్రం కాపు ఉంది కదా అని దాచుకోకండి. పీకి కాల్చేయాలి. అది ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు, కానీ ఆ ఒక్క మొక్కే చుట్టుపక్కల తోటకు పురుగును పంచుతుంది.

సగం విరిగి వేలాడే సిల్వర్ ఓక్ కొమ్మలను మొదలు దగ్గర సాపుగా కోయండి. మిగిలిన నీడను ఇప్పుడు కదిలించకండి. ఖాళీ పడిన చోట వచ్చే తొలకరికి మొక్క పెట్టడానికి చోటు ఇప్పుడే గుర్తుంచుకోండి. సిల్వర్ ఓక్ కొమ్మ పెళుసు, గాలికి తట్టుకోదు కాబట్టి మధ్య మధ్య పనస, నేరేడు లాంటివి వేయమని నా సలహా. ఊడిన మిరియాల తీగను లాగి బిగించకుండా, అరటి నారతో వదులుగా చెట్టుకు కట్టండి.

రాలిన కాయలను నేలమీద వదలొద్దు. 2025లో అరకు ప్రాంతంలో కాయ తొలుచు పురుగు కనిపించింది. పంట అయిపోయాక అది తలదాచుకునేది నేల రాలిన కాయల్లోనే, కొమ్మకు మిగిలిపోయిన కాయల్లోనే. కోతప్పుడు మొక్కల కింద టార్పాలిన్ పరిస్తే ఏరుకోవడం తేలిక. కాయ కొనన, బొడ్డు దగ్గర, సూదితో పొడిచినట్టు రంధ్రం ఉంటే వాటిని వేరుచేసి రెండు మూడు నిమిషాలు మరిగే నీటిలో ముంచండి. అలాంటి కాయలున్న సంచులు పక్క తోటకు పోనివ్వకండి, కొన్ని కాయలు తెచ్చి చింతపల్లి పరిశోధన స్థానంలో చూపించండి.

వెచ్చదనానికి పండ్లు తొందరగా ముదురుతాయి. కోత పది రోజులకోసారి సాగాలి, ఎర్రటివే కోయాలి. పచ్చివి, రాలినవి పల్పింగ్‌లో, అంటే పండు తోలు తీసే పనిలో, కలపకుండా విడిగా ఎండబెట్టండి. పల్పింగ్ చేసి పులియబెట్టేటప్పుడు జిగురు మామూలు చలికాలం కంటే ముందే వదులుతుంది. గడియారం చూసి కాక చేత్తో చూడండి. గింజలు గులకరాళ్లలా గరగరలాడితే వెంటనే కడిగేయాలి, ఆలస్యమైతే పుల్లవాసన గింజకు పట్టేస్తుంది.

కాఫీకి నీళ్లు పెట్టకండి. వచ్చే ఏడాది పూమొగ్గ ఇప్పుడే తయారవుతోంది. దానికి కొన్నాళ్లు పొడిగా ఉండడం అవసరం. ఇప్పుడు తడి తగిలితే కొన్ని మొగ్గలు అకాలంలో విచ్చుకుని, వేసవి వానలకు పూత విడివిడిగా వస్తుంది.

రాజ్మాకు దీనికి పూర్తిగా వేరే మాట. పగటి వేడి 30 డిగ్రీలు దాటితేనే దాని పూత బాగా రాలుతుంది. మీ ఎత్తులో డిసెంబరులో అంత వేడి రాదు. గాలి ఆకు నుంచి తేమ లాగేస్తుంటే వాలు నేలలో వేరుకు నీరు అందక పూత రాలుతోంది. గెడ్డ (వాగు) నీరు పారించుకునే వీలుంటే పూత దశలో ఒక పలచటి తడి ఇవ్వండి, నిలవ నీరు మాత్రం వద్దు. వీలు లేకపోతే ఎండుగడ్డి, ఆకులు వరుసల మధ్య పరవండి. గాలి వచ్చే వైపు వెదురు దడి కట్టినా తేడా తెలుస్తుంది. ఆకు అడుగున పేనుబంక కూడా చూసుకోండి, చలి ముదరనప్పుడు అది పెరుగుతుంది. పక్కన ఎవరైనా వలిసెలు (నూనెగింజ పంట) వేసి ఉంటే, ఈ గాలిలో తేనెటీగలు తిరగక వారికి తాలు గింజలు ఎక్కువ కావచ్చు. దానికి చేయగలిగింది పెద్దగా లేదు.

చలి రాదేమో అనుకోకండి. తూర్పు గాలి ఆగి, సాయంత్రానికి ఆకాశం నీలంగా తేటపడి, పొగ నిటారుగా లేచిన రోజు చూడండి. ఆ రాత్రే ఒక్కసారిగా చలి దిగవచ్చు. ఆరబోసిన కాఫీ గింజలను ఆ సాయంత్రం పొద్దు గుంకకముందే కుప్ప చేసి కప్పేయండి, మంచుకు తడిస్తే ఎండిందంతా మళ్లీ మొదటికొస్తుంది. లోతు మడిలోని రాజ్మాలో ముదిరిన కాయలుంటే వాటిని ముందు కోసుకోండి, చల్లగాలి మొదట చేరేది అక్కడికే.